కోట నుండి రెండు ప్రయాణములు

నెల్లూరు సీమలో గూడూరునకు ఆగ్నేయమున, బంగాళాఖాతమునకు సమీపమున మా కోట యున్నది. పడమటికి పోవువారికి నిమ్మతోటలును, నిమ్మకాయల బజారునకు పేరుపొందిన గూడూరును తగులును. తూర్పునకు పోవువారికి వరిచేలు, సరుగుడు తోపులు, రొయ్యల గుంటలు, ఆ పిమ్మట ఉప్పుగాలి ఎదురగును. చంద్రగిరి ప్రాంతపు కొండలలో పుట్టిన స్వర్ణముఖి శ్రీకాళహస్తీశ్వరుని సన్నిధిని తాకి, నాయుడుపేట మీదుగా వచ్చి, మా సీమలోనే సముద్రమును చేరును. వాకాడు దగ్గర ఆ నదిపై ఆనకట్ట కలదు. ఏటి నీరును, సముద్రపు గాలియు రెండును దగ్గరనే యున్నవి గనుక ఇచట వేసవి సుఖముగా గడచునని దూరమునుండి వచ్చినవారు తలంతురు. రోహిణీ కార్తెలో ఒక్క దినము మాతో నున్నచో ఆ తలంపు మానుకొందురు.

మా ఊరి వేడిమి ఒక్కటి కాదు, రెండు. పడమటి గాలి వీచు దినములలో గాలి పొడిగా, పొయ్యి ముందు నిలుచున్నట్లుండును. పెదవులు పగులును, ఆరవేసిన చీర గడియలో ఎండిపోవును. సముద్రపు గాలి తిరిగిన దినములలో ఎండ కొంత తగ్గినట్లు తోచునుగాని ఒడలు జిడ్డు కట్టును. ఉప్పు జాడీలో చెమ్మ యూరును. చీర సాయంకాలమునకును తడిగానే యుండును. మొదటి దానిని వడ యందుము, రెండవ దానిని ఉక్క యందుము. ఈ వేసవిలో క్రొత్త కారులో మేము రెండు ప్రయాణములు చేసితిమి. ఒకటి గూడూరు మీదుగా నెల్లూరునకు, వడలో. రెండవది తూర్పున దుర్గరాజపట్నమునకు, ఉక్కలో. ఆ రెండు ప్రయాణములలో నేను నేర్చినది సోదరీమణులకు కొంత ఉపయోగపడునని వ్రాయుచున్నాను.

మా వారు బడిపంతులు. పంతులుగారి యింటికి కారు వచ్చుట చిన్న సంగతి కాదు. నెలనెలా జీతములోనుండి వాయిదా కట్టవలెను. అయినను కొన్నది విలాసమునకు గాదు. మా అత్తగారికి డెబ్బది రెండేండ్లు. రక్తపు పోటునకు మాత్రలు వాడుచున్నారు. కంటి చికిత్సకై మాటిమాటికి నెల్లూరు పోవలసి వచ్చినది. బస్సులో నిలుచుండలేరు, ఎండలో కాచుకొనలేరు. ముసలితనమున దాహము తక్కువగా తెలియును, చెమటయు సరిగా పట్టదు. రక్తపు పోటునకిచ్చు మాత్రలలో కొన్ని ఒంటిలోని నీటిని ఇంకను తగ్గించును. అందువలన మనకు చికాకు మాత్రమే కలిగించు వేడి వారికి ప్రాణాపాయము కాగలదు. ఆమెను చల్లగా తీసికొనిపోవుటకే ఈ కారు. కావున అందులోని చల్లదనము సరిగా లేకపోవుట మాకు నవ్వి ఊరకుండదగిన లోపము కాదు.

మా అత్తగారు కాపురమునకు గూడుబండిలో వచ్చిరట. ఆ బండి ముందు వెనుకలు తెరచియుండును. పైన వెదురుచాప గూడు. లోపల వరిగడ్డి పరచి దానిపై దుప్పటి. గాలి ఒక ప్రక్కన వచ్చి మరియొక ప్రక్కన పోవును. దానికంటె ముఖ్యము, బండి మిట్టమధ్యాహ్నము నడువదు. తెల్లవారుజామున కట్టుదురు, పొద్దెక్కగానే చింతతోపున విప్పుదురు, చల్లబడిన తరువాత మరల కట్టుదురు. పూర్వులు గాలిని మార్చలేదు, వేళను మార్చుకొనిరి. నన్నయగారి అరణ్యపర్వమున నలుడు బాహుకుడను పేర ఋతుపర్ణునకు రథము తోలిన కథ మీరెరుగుదురు. రాజు ఉత్తరీయము జారిపోగా, ఆపుమని ఆయన చెప్పునంతలోనే రథము యోజన దూరము దాటిపోయినది. ఉత్తరీయము నెగురగొట్టు రథమునకు వేరే చల్లని గాలి యంత్రమేల? నేటి కారు అట్టిది కాదు. నాలుగు వైపుల అద్దములు బిగించిన పెట్టె యది. ఆసుపత్రి వారిచ్చిన వేళ మధ్యాహ్నము పన్నెండు గంటలైనచో పన్నెండింటికే పోవలెను. వేళను మార్చుకొను స్వాతంత్ర్యము పోయినది గనుక గాలిని మార్చు యంత్రము అవసరమైనది.

మొదటి ప్రయాణము రోహిణీ కార్తెలో. గూడూరు దాటి పెద్ద రహదారి నెక్కి, మనుబోలు, వెంకటాచలము మీదుగా నెల్లూరు దారి పట్టితిమి. మా వారు తోలుచున్నారు; పెద్దబ్బాయి ఆయన ప్రక్కన కూర్చున్నాడు. అత్తగారు, పాప, నేను వెనుక. చల్లని గాలి వచ్చు రంధ్రములన్నియు ముందు పలకకే యున్నవి; వెనుక కూర్చున్నవారికి వేరుగా ఒక్కటియు లేదు. చిన్న కార్లలో పెక్కింటికి ఇంతే. కొంత దూరము పోవుసరికి మా వారికి చలి వేసి ఫ్యాను తగ్గించిరి. వెనుక పాప ముఖము కందిపోయినది. అత్తగారు కొంగుతో విసరుకొనుచు అన్న మాట ఇది: “ఏందిరా నాయనా, ముందర నువ్వు వణకతా ఉండావు, యెనక మేము ఉడకతా ఉండాము. బండి ఒకటేనా, రెండా?”

బండి ఒకటే. కాని మీట ముందున్నవారి చేతిలో నున్నది. వారి ఒంటికి చాలినచో కారంతయు చల్లబడినదని వారికి తోచును. ఇందులో దయలేమి లేదు. వెనుక నేమి జరుగుచున్నదో వారి చర్మమునకు తెలియదు, అంతే. కనుక తిరుగు ప్రయాణమున మా వారి బడిలోని ఉష్ణమాపకమును పోలినదొకటి నెల్లూరు బజారులో కొని చేతబట్టుకొంటిని. బయట నీడలో 41 డిగ్రీలు. ముందు రంధ్రము దగ్గర 12. ముందు సీటు మీద 26. కారు కదలి అరగంట గడచిన పిమ్మట గూడ వెనుక సీటు మీద 34. మనుష్యుని మాట కాదనవచ్చును గాని పాదరసము మాట కాదనుట కష్టము. ఆ అంకెలను తేదీతో, వేళతో ఒక కాగితముపై వ్రాసి యుంచితిని.

ఆ ప్రయాణములోనే మరియొక సంగతి కనిపెట్టితిమి. గూడూరునుండి నెల్లూరు ఉత్తరమున నున్నది. ఉదయము పోవునపుడు తూర్పు ఎండ కారునకు కుడివైపున పడును. సాయంకాలము దక్షిణముగా తిరిగివచ్చునపుడు పడమటి ఎండయు కుడివైపుననే పడును. అనగా పోవునపుడును వచ్చునపుడును ఎడమ ప్రక్క నీడ. నాటినుండి అత్తగారి స్థానము వెనుక ఎడమ సీటు. ఒక్క కాసు ఖర్చులేక కొంత సుఖము దొరకినది. మీ దారి ఏ దిక్కునకో చూచుకొని, పెద్దలను, పసిబిడ్డలను నీడ ప్రక్కన కూర్చుండబెట్టుడు.

కారు అమ్మిన వారి సర్వీసు కేంద్రమునకు మొదట మా వారొక్కరే పోయిరి. వేసవిలో ఏ కారైన నింతేనని వారు చెప్పి పంపిరి. రెండవసారి నేనును పోయి అంకెల కాగితము ముందుంచితిని. అచటి మిస్త్రీ ముందు సీటున కూర్చుండి, రంధ్రము దగ్గర చేయిపెట్టి, “చల్లగానే ఉంది గదమ్మా” అనెను. “నాయనా, ఎండలో పదిహేను నిముషములు వెనుక కూర్చుండి చెప్పుము” అంటిని. మంచివాడు, కూర్చున్నాడు. ఎనిమిదవ నిముషముననే నుదురు తుడుచుకొనుచు దిగి, పరీక్ష మొదలుపెట్టెను. రెండు లోపములు బయటపడినవి. లోపలి గాలిని వడగట్టు ఫిల్టరు, చేతి సంచి పెట్టుకొను అర వెనుక నుండునది, మా ఇసుక బాటల దుమ్ముతో అప్పుడే నిండిపోయినది. రెండవది, యంత్రములోని గ్యాసు ఉండవలసిన తూకమునకు తక్కువగా నున్నది. ఒక గొట్టపు అతుకు దగ్గర సన్నని కారుడు. క్రొత్త కారు గనుక మరమ్మతునకు సొమ్ము పుచ్చుకొనలేదు.

ఈ యంత్రము పనిచేయు విధము ఆడువారికి తెలియనిది కాదు. క్రొత్త కుండలో పోసిన నీరు ఏల చల్లబడును? కుండ చర్మమునుండి చెమర్చిన నీరు ఆవిరియగుచు, ఆవిరియగుటకు కావలసిన వేడిని కుండనుండి లాగుకొనును. కారులోను ఇదే జరుగును. నీటికి బదులు ఒక ప్రత్యేకమైన గ్యాసు గొట్టములలో తిరుగుచుండును. కంప్రెసరు దానిని నొక్కును, అది వేడెక్కును. కారు ముక్కుదగ్గరనున్న జల్లెడవంటి కండెన్సరులో ఎదురుగాలికి తన వేడిని వదలి ద్రవమగును. పిమ్మట సన్నని మార్గమున దూరి, ముందు పలక వెనుకనున్న గొట్టములలో ఒక్కసారిగా ఆవిరియగుచు అచటి వేడిని లాగుకొనును. ఆ చల్లని గొట్టములమీదుగా ఫ్యాను గాలిని కొట్టును. గ్యాసు ఖర్చగునది కాదు. అదే మరల మరల తిరుగును. కనుక “గ్యాసు తగ్గినది, కొంచెము నింపుదుము” అని ఎవరైన చెప్పినచో, ఎచట కారుచున్నదో చూపుమని మొదట అడుగవలెను. కారుట కట్టి, ఉన్నదానిని యంత్రముతో బయటికి తీసి, కారు తయారుచేసినవారు చెప్పిన తూకము ప్రకారము నింపవలెను. చిన్న కారులో పట్టునది సాధారణముగా అర కిలోకు లోపే. తక్కువైనచో చల్లబడదు, ఎక్కువైనను చల్లబడదు, పైగా కంప్రెసరు చెడును.

ఈ గ్యాసును గాలిలోకి వదలుట పాపమని గూడ తెలిసికొనవలెను. పూర్వము వాడిన రకము ఆకాశమున సూర్యుని తీక్ష్ణకిరణముల నడ్డగించు ఓజోను పొరను కరగించుచున్నదని తేలగా, 1987లో మాంట్రియలు నగరమున పెక్కు దేశములు ఒడంబడిక చేసికొని దానిని మాన్పించినవి. దానికి బదులు వచ్చిన ఆర్-134ఎ అను రకము ఆ పొరకు హాని చేయదు గాని, నూరేండ్ల లెక్కన బొగ్గుపులుసు గాలికంటె సుమారు 1,430 రెట్లు భూమిని వేడెక్కించును. మన కారులోని చల్లదనము మన పిల్లల వేసవిని మరింత మండించరాదు. అందుకైనను కారుట కట్టింపవలెను.

మరమ్మతైన వారమునకు రెండవ ప్రయాణము. వేసవి సెలవులు, పిల్లలు సముద్రము చూపుమనిరి. వాకాడు మీదుగా దుర్గరాజపట్నము పోతిమి. తీరమునకు దగ్గరగుకొలది నేల తెల్లబడును, తాటిచెట్లును సరుగుడును మాత్రమే మిగులును. దారిలో బకింగుహాము కాలువ యెదురైనది. సముద్రతీరము వెంబడి సాగు ఈ కాలువలో ఒకప్పుడు చెన్నపట్నమునకు ఉప్పు, కట్టెలు, ధాన్యము పడవలపై పోయెడివి. 1877-78 నాటి గొప్ప కరవులో ఆకలిగొన్నవారికి కూలి దొరకునట్లు దీని పనులు చేయించిరి; అప్పటి చెన్నపురి గవర్నరు పేరే దీనికి నిలిచినది. నేడు పడవలు లేవు, చాలచోట్ల పూడిపోయినది.

దుర్గరాజపట్నమును ఆంగ్లేయులు ఆర్మగాము అనెడివారు. పదునేడవ శతాబ్దమున, 1626 ప్రాంతమున, వారిచట వర్తకశాల కట్టి ఫిరంగులు నిలిపిరి. ఇచటి అధికారియైన ఫ్రాన్సిసు డే అను నాతడే దక్షిణముగా పోయి 1639లో చెన్నపట్నపు స్థలమును సంపాదించెను. ఆ పిమ్మట వారి వర్తకము అచటికి తరలిపోయినది. మహానగరమునకు అమ్మమ్మ వంటి ఈ ఊరు నేడు వలలారవేసికొను పల్లెగా నున్నది. మేము చూచినప్పుడు ఇసుకపై పడవలు, వలల నీడలో ముచ్చటించు ఆడువారు, దూరమున నీటి తెలుపు, అంతే. ఉన్నిదుస్తులలో పెరిగిన ఆ తెల్లవారు ఈ ఉక్కను ఎట్లు భరించిరో యని నాకు తోచినది.

ఆనాడు పొద్దున ఉష్ణమాపకము 35 మాత్రమే చూపినది. నెల్లూరు దారిలోని 41తో పోల్చిన ఆరు డిగ్రీలు తక్కువ. అయినను దిగినవెంటనే రవికె వీపునకంటుకొన్నది. గాలి నీటితో నిండియున్నపుడు చెమట ఆరదు. చెమట ఆరనిచో ఒడలు చల్లబడదు. వట్టివేళ్ళ తడికెలు లోతట్టు ఊళ్ళలో గదిని చల్లబరచునుగాని మా తీరమున అంతగా పనిచేయకపోవుటకు కారణమిదే. కారులోని యంత్రమునకు గూడ ఉక్కలో పని రెండింతలు. గాలిని చల్లబరచుట ఒకటి, అందులోని నీటిని పిండి బయటపోయుట రెండవది. మేము చెట్టుక్రింద కారాపగానే అడుగున నీరు బొట్టుబొట్టుగా కారి ఇసుక తడిసినది. పెద్దబ్బాయి బెదరి “నాన్నా, కారు చెడిపోయింది” అని అరచెను. అది చెడినది కాదు, బాగున్నదనుటకు గుర్తు. మన చుట్టునున్న గాలిలోని ఉక్కయే ఆ నీరు. ఉక్కదినమున అడుగున నీరు కారకున్నచోనే అనుమానింపవలెను. నీరు కారు గొట్టము పూడినచో అది లోపల కాళ్ళక్రింద చేరి చాపలు తడియును, ముక్కవాసన పుట్టును.

విచిత్రమేమనగా ఈ యంత్రము పుట్టినదే ఉక్క కొరకు. 1902లో అమెరికాలో బ్రూక్లిను పట్టణమున ఒక అచ్చుకూటమందు తేమవలన కాగితము సాగి, రంగులు ఒకదానిపై నొకటి సరిగా కుదురకపోగా, విల్లిసు క్యారియరు అను ఇంజనీరు గాలిలోని తేమను తగ్గించుటకు దీనిని కల్పించెను. మనుష్యుని సుఖము తరువాతి మాట. కారులో అమర్చి అమ్మినది మొదట ప్యాకార్డు కంపెనీ, 1939లో. ఆ యంత్రపు ముఖ్యభాగము వెనుక సామాను పెట్టెలో నుండెను. చల్లని గాలి వెనుకనుండియే వచ్చెడిది! ఆనాటి వెనుకసీటు భాగ్యము నేటి చిన్నకార్లకు లేకపోయినది.

మరమ్మతు తరువాత వెనుక సీటు మీద 28 డిగ్రీలు చూపినది. అత్తగారు దారిలో నిద్రపోయిరి. అంతకుమించిన యోగ్యతాపత్రము నాకక్కరలేదు. కాని మరమ్మతు ఒక్కటియే చాలదు. వాడుకొను విధానము గూడ తెలియవలెను. మేము పాటించుచున్నవి చెప్పుచున్నాను.

ఎండలో నిలిచిన కారు ఎక్కగానే ఏసీ వేసి తలుపులు బిగించుకొనరాదు. లోపలి గాలి బయటి గాలికంటె ఎంతో వేడిగా నుండును. నాలుగు తలుపులు తెరచి ఆ వేడిని వెడలనిచ్చి, అద్దములు కొంత దించి రెండు మూడు నిముషములు నడపి, పిమ్మట మూయవలెను. అప్పుడు కారుబొమ్మలో వంపు తిరిగిన బాణము గుర్తుగల మీటను నొక్కవలెను. దానితో బయటి వేడిగాలి రాక మాని, లోపల చల్లబడిన గాలియే మరల మరల చల్లబడుచుండును. దూరప్రయాణమున అరగంట కొకసారి దానిని తీసి కొలది నిముషములు బయటిగాలిని రానీయవలెను. లేనిచో అందరి ఊపిరితో గాలి చెడి, తోలువానికి మగత కమ్మును.

వెనుకవారికి చల్లదనము చేరుటకు డిగ్రీ తగ్గించుట ముఖ్యము కాదు, ఫ్యాను పెంచుట ముఖ్యము. నడుమనున్న రెండు రంధ్రములను పైకెత్తి, ముందు సీట్ల సందుగుండా వెనుకకు గాలి పోవునట్లు త్రిప్పవలెను. ముందున్నవారికి చలి వేసినచో తమ ప్రక్క రంధ్రమును మూసికొనవచ్చును గాని ఫ్యాను తగ్గింపరాదు. కొన్ని కార్లలో ముందు సీటు క్రిందుగా వెనుకవారి పాదములకు గాలి వచ్చును. అచట సంచులు, చెప్పులు త్రోయరాదు. రెక్సిను తొడుగులు వీపున చెమట పట్టించును; వాటిపై ఉతికిన నూలు దుప్పటి పరచినచో హాయి. రైలు గేటు దగ్గర ఆగినపుడు చల్లదనము కొంత తగ్గుట సహజము. ఇంజను మెల్లగా తిరుగును, ఎదురుగాలి యుండదు. కదలిన పిమ్మటయు చల్లబడనిచో చూపింపవలెను. ఇసుక బాటల ఊళ్ళవారు లోపలి ఫిల్టరును పుస్తకములో చెప్పిన గడువునకు ముందే దులిపింపవలెను.

ఎండ తగులకుండుటకు అద్దములకు నల్లని పొరలంటింపరాదు. ముందు వెనుక అద్దములు నూటికి 70 వంతులు, ప్రక్క అద్దములు 50 వంతులు వెలుతురును రానీయవలెనని నియమము కలదు. నల్లపొరలను 2012లో సుప్రీంకోర్టు నిషేధించినది. కారు నిలిపినపుడు ముందద్దమునకు తెల్లని అట్టయో తెరయో అడ్డుపెట్టి, నీడన నిలుపుట మేలు. త్రాగుటకు మజ్జిగ, గూడూరు నిమ్మకాయల నీరు వెంటనుంచుకొని, పెద్దలకు దాహము వేయకున్నను గంటకొకసారి ఇచ్చుచుండవలెను.

ఒక్క మాట మాత్రము గట్టిగా చెప్పుచున్నాను. సముద్రపు ఒడ్డున మా పాపకు నిద్ర వచ్చినది. కారులోనే పండుకొందునని మారాము చేసినది. నేను ఒప్పుకొనలేదు, సరుగుడు నీడలో దుప్పటి పరచి పరుండబెట్టితిని. 35 డిగ్రీల ఎండలో మూసిన కారు లోపల గంటలోపలనే 50 డిగ్రీలు దాటును. ఆ పెరుగుదలలో అధికభాగము మొదటి అరగంటలోనే జరుగును. అద్దములు రెండు వ్రేళ్ళు దించియుంచినను పెద్ద భేదముండదు. పసిపిల్లల ఒడలు పెద్దలకంటె ఎన్నో రెట్లు త్వరగా వేడెక్కును. “ఇప్పుడే వత్తును, అంగడిలో ఒక్క వస్తువు తెచ్చుకొని” అని పసిబిడ్డను గాని, ముసలివారిని గాని కారులో వదలి తాళము వేసికొని పోరాదు. నిద్రపోవుచున్న బిడ్డను లేపుట పాపమనుకొనవద్దు; లేపి ఎత్తుకొని పొండు.

దుర్గరాజపట్నమునుండి వచ్చునపుడు లారీ యొకటి మా ముందు సాగినది. తోలువాడు చొక్కా విప్పి, తడిగుడ్డ మెడకు చుట్టుకొని, ఇంజను వేడిమికి ప్రక్కనే కూర్చున్నాడు. పెద్ద లారీలలో తోలువాని గదికి ఏసీ తప్పక యుండవలెనని ప్రభుత్వము నియమము చేసినది; క్రొత్తగా తయారగు లారీలకు అది వర్తించును. పాత లారీలవారికి ఆ మేలు లేదు. మా అత్తగారు అతనిని చూచి, మా ఇంటి మజ్జిగ సీసా అతనికిమ్మని కారాపించిరి. వెనుక సీటున ఉడికినవారికే ఇతరుల ఉడుకు తెలియునేమో.

కారు కొనబోవు సోదరీమణులకు నా మనవి ఇది. అంగడివారు మగవారిని ముందు కూర్చుండబెట్టి, చక్రము చేతికిచ్చి, ఊరి చుట్టు త్రిప్పి చూపుదురు. మీరు మిట్టమధ్యాహ్నము పొండు. ఇంటిలో పెద్దవారిని వెంటబెట్టుకొని పొండు. వెనుక కూర్చుండి అరగంట తిరుగుడు. మోకాళ్ళనొప్పి గలవారు ఎక్కి దిగగలరా, తొడలకు ఆధారమున్నదా, గాలి వారి ముఖమునకు చేరుచున్నదా చూడుడు. కొన్న పిమ్మట లోపమున్నచో మాటలతో గాక అంకెలతో, తేదీతో వ్రాసి యిచ్చి, తీసికొన్నట్లు కాగితము పుచ్చుకొనుడు. వినకున్నచో వినియోగదారుల సహాయమునకై ప్రభుత్వమువారి 1915 అను టెలిఫోను అంకె కలదు.

వంట చేసిన దినమున ఇల్లాలు కడపట తిన్నవారికి అన్నము మిగిలినదో లేదో చూచుకొనును. మొదటి పంక్తివారి తృప్తితో సరిపెట్టుకొనదు. కారులోని చల్లదనమును గూడ ఆ విధముగనే లెక్క చూచుకొనవలెను. కడపటి సీటున కూర్చున్న ముసలమ్మకు, పసిబిడ్డకు చేరిననే అది చేరినట్లు.